నెత్తి మీద నాట్లు

రాయపూర్ వాగన్ షాపు కాలనీ తెలుగు ప్రజలకు తెలియజేయడమేమనగా, కాలనీని ఆనుకుని ఉన్న సందులో సొంత ఇంట కాపురముంటున్న శ్రీ మోహనకృష్ణ గారి శిరస్సున రానున్న ఆదివారం ఉదయం దుర్ముహూర్తం వెళ్ళిన పిమ్మట జుట్టు నాటబడును. బంధుమిత్రులు ఆ మర్నాటి నుంచి పరామర్శకు రావచ్చును. వచ్చువారు తలను తాకరాదు. తలపై దగ్గరాదు, తుమ్మరాదు. తలను చూసి నవ్వు వచ్చినచో వీధిలోకి వెళ్ళి నవ్వుకొనవలెను.

ఈ ప్రకటనను ఏ గోడకీ అంటించలేదు. మోహనకృష్ణ తల్లి గంగాభవాని గారు కుళాయి దగ్గర బిందె తోముతూ నోటితోనే విడుదల చేశారు. ఆవిడ అక్కడొక మాట అంటే మధ్యాహ్నానికల్లా అది టాటీబంధ్ చౌరస్తాకి చేరి లారీ ఎక్కుతుంది గనక కాగితం దండగ. పైగా ఇది వరి పండే రాష్ట్రం. ఛత్తీస్‌గఢ్‌లో నాట్లంటే ఎవరికీ వింత కాదు. కాకపోతే ఇంతవరకూ పొలంలోనే వేసేవారు.

ఆవిడ కోడలు రాజశ్రీ ఈ వార్తను చంకలో నాలుగో నెల పిల్లవాడితో, చేతిలో పాలపీకతో విన్నది. విని, పాలపీక పక్కన పెట్టి, పిల్లవాడి తలను అరచేత్తో కప్పింది. ఎందుకు కప్పిందో చెప్పాలంటే రెండు తలల చరిత్ర చెప్పాలి.

మొదటి తల మోహనకృష్ణది. వయసు ముప్పై రెండు. ధర్సీవా వైపు ఒక ఇనుము ఫ్యాక్టరీలో స్టోర్సు సూపర్వైజరు. తాత శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే వారి వాగన్ షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి కూడా అందులోనే పనిచేసి, రిటైరై, ఇల్లు కట్టుకుని, ఆ ఇంట్లో ఒక్క ఏడాది సుఖపడి పోయాడు. కొడుకుగా మోహనకృష్ణ గుండు చేయించుకున్నాడు. ఆ గుండు మీద చెవుల చుట్టూ, వెనకవైపూ దట్టంగా మొలిచింది. ముందువైపు మాత్రం మొలవలేదు. ఆ రోజు మంగలి కత్తి వేళ్ళతో సహా పెకలించేసిందని ఆయన గట్టి నమ్మకం. మామగారికీ, ఆయన తండ్రిగారికీ కూడా ఫొటోల్లో ముందువైపు నున్నగానే ఉందని రాజశ్రీ ఒకసారి మెల్లిగా గుర్తు చేసింది. ఫొటోలు పాతవి, వెలిసిపోయాయి అన్నాడాయన.

రెండో తల పిల్లవాడిది. వాడు నెలలు నిండకుండా పుట్టాడు. పుట్టగానే గాజుపెట్టెలో పెట్టారు. రాజశ్రీ ఆ గాజుకి ఇవతల నిలబడి, అరచేయంత లేని ఆ తలకాయను చూస్తూ సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. బిడ్డ దక్కితే ఏడాది నిండేలోగా తండ్రివీ కొడుకువీ ఇద్దరి తలనీలాలూ కొండ మీద ఇచ్చుకుంటానని. పక్కనే ఉన్న భర్తతో చెబితే ఆయన ఎంతో ఉదారంగా తల ఊపాడు.

"ఇచ్చేద్దాం రాజీ. నాదంతా స్వామిదే. పక్కా!"

అప్పుడు ఆయన నెత్తిన ముందువైపు ఇవ్వడానికి ఏమీ లేదు. మనుషులు దేవుడితో బేరం ఆడేటప్పుడు ఇంత పెద్ద మనసు ఎలా వస్తుందో రాజశ్రీకి అప్పుడు తట్టలేదు. ఆనందంతో ఏడ్చింది.

బిడ్డ దక్కాడు. యుగంధర్ అని పేరు పెట్టారు. అంత పేరు మోయడానికి వాడి ఒళ్ళు చాలక ఇంట్లో బుడ్డోడనే పిలిచేవారు. ఆలస్యంగా చేసిన బారసాలలోనే అసలు ప్రమాదం జరిగింది. ఫొటోలు తీయడానికి వచ్చిన స్థానికుడు కెమెరాలోంచి చూసి, ఉయ్యాల పక్కన నిలబడ్డ మోహనకృష్ణ వైపు చెయ్యి ఊపి, చాలా మర్యాదగా అన్నాడు.

"దాదాజీ, జరా సైడ్ మే. బచ్చే కే పాపా కో ఆనే దీజియే."

తాతగారు పక్కకి జరిగితే తండ్రిగారు వస్తారన్నమాట. తండ్రిగారు ఆ రాత్రి భోజనం చేయలేదు. మర్నాడు జుట్టు నాటే క్లినిక్కు వెతికాడు.

క్లినిక్కు పేరు కేశోదయ. అక్కడ యోగేష్ అని ఒక సలహాదారు ఉన్నాడు. ఇరవయ్యేళ్ళ కుర్రాడి జుట్టు, అరవయ్యేళ్ళ పెద్దమనిషి ఓర్పు. మోహనకృష్ణ తలను దీపం కింద తిప్పి చూసి, ఇంత చక్కటి వెనకభాగం తాను ఈ మధ్య చూడలేదన్నాడు. "భైసాబ్, మీ గోడౌన్ ఫుల్లుగా ఉంది. షాపు ఖాళీ. గోడౌన్ లోంచి మాలు షాపులోకి మార్చుకోవడమే. బస్." స్టోర్సు సూపర్వైజరుకి అంతకన్న బాగా ఎవరు చెప్పగలరు? అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక రాజశ్రీ అడిగింది. "ఏవండీ, మరి మొక్కు?"

"ఏ మొక్కు?"

"బుడ్డోడి మొక్కు. ఇద్దరి తలనీలాలూ..."

"అరే, ముందు రానీవే. వచ్చాక కదా ఇవ్వడం. స్వామికి ఖాళీ నెత్తి ఇస్తే ఏం బాగుంటుంది? మంచి జుట్టు ఇద్దాం."

ఈ మాటకి గంగాభవాని గారు కొడుకు భక్తికి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ ఆదివారం రాజశ్రీ పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని క్లినిక్కు బయటి గదిలో కూర్చుంది. గదిలో అందరూ టోపీలు పెట్టుకున్న మగవాళ్ళే. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. లోపల మోహనకృష్ణని ముందు బోర్లా, తరవాత వెల్లకిలా పడుకోబెట్టారు. తలంతా మత్తుసూదులు పొడిచారు. ప్రసవం ఎలా ఉంటుందో తనకిప్పుడు అర్థమైందని ఆయన తరవాత భార్యతో అన్నాడు. వెనకనుంచి ఒక్కొక్క వేరూ తీసి ముందు గుచ్చడంలో పొద్దు గుంకింది. బయటికి వచ్చేసరికి వెనక కట్టు, నుదుటికి నల్లపట్టీ, ముందంతా చక్కెరకి పట్టిన చీమల్లాగా ఎర్రటి చుక్కలు. యోగేష్ గుమ్మందాకా వచ్చి, ఆ చుక్కల్ని పసిపిల్లలతో సమానంగా చూసుకోవాలని రాజశ్రీకి అప్పగింతలు పెట్టాడు.

అసలు పసిపిల్లవాడు ఆవిడ భుజం మీద పాలు కక్కాడు.

ఆ రాత్రి నుంచి ఇంట్లో కొత్త శాసనాలు అమలులోకి వచ్చాయి. శ్రీవారు కూర్చుని నిద్రపోవలెను. మెడ కింద వంకర దిండు ఉండవలెను. శ్రీవారు వంగరాదు, చెప్పులు ఇల్లాలు తొడగవలెను. చెమట పట్టరాదు, విసనకర్ర ఇల్లాలు విసరవలెను. ఉప్పునీళ్ళ సీసాతో తలపై తుంపర చల్లుచుండవలెను. ఎవరు చల్లవలెనో చెప్పనక్కరలేదు. కంట్లో వేసుకునే చుక్కల మందంత సున్నితంగా చల్లాలి. గట్టిగా చల్లితే వేరు లేస్తుంది, చల్లకపోతే ఎండుతుంది. ఇంటిల్లిపాదీ తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తారు. అన్నిటికన్న కఠినమైన శాసనం బుడ్డోడి మీద. ఆ వయసులో వాడి పిడికిట్లో ఏది పడ్డా వదలడు. అందువల్ల వాణ్ణి వెనక గదికి బహిష్కరించారు. తండ్రి హాల్లో ఉన్నంతసేపూ వాడు గుమ్మం దాటరాదు.

మూడో రోజుకి నుదురు పొంగింది. నాలుగో రోజుకి ఆ పొంగు కళ్ళమీదికి దిగి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. ఇలా అవుతుందని, అదే తగ్గుతుందని యోగేష్ ముందే చెప్పినా, పొద్దున్నే కాఫీ తెచ్చిన గంగాభవాని గారు గ్లాసు వదిలేశారు.

"ఓలమ్మో! ఈడెవడే? నా కొడుకేడీ?"

"అమ్మా, నానే!" అంది ఆ గుమ్మడికాయ.

రెండు రోజులు రాజశ్రీ ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించింది. అన్నం కలిపి నోట్లో పెట్టింది. వెనక గదిలో ఒకడు, ముందు గదిలో ఒకడు. ఇద్దరూ ఒకరు పట్టుకోనిదే కదలలేరు, ఇద్దరూ తల నిలబెట్టలేరు, ఇద్దరూ ఆకలేస్తే అరుస్తారు. చిన్నవాడు కాస్త నయం, పట్టింది తాగుతాడు.

పరామర్శకు కాలనీ అంతా కదిలింది. ఆపిల్ పళ్ళు వచ్చాయి, కొబ్బరినీళ్ళు వచ్చాయి. పిల్లవాడు గాజుపెట్టెలో ఉన్నప్పుడు ఇంతమంది రాలేదని రాజశ్రీ లెక్క వేయలేదు గాని, ఆపిల్ పళ్ళు పెట్టడానికి బుట్ట చాలక పిల్లవాడి స్నానం టబ్బు వాడవలసి వచ్చింది. గంగాభవాని గారు రోజూ సంధ్యవేళ ఉప్పూ మిరపకాయలూ తీసుకుని కొడుకు తలకి దిష్టి తీసేవారు. నుదుటి మీద దిష్టిచుక్క పెట్టబోతే కాటుక తగలకూడదన్నారు గనక అరికాలికి పెట్టారు. ఆ కాటుక బుడ్డోడి డబ్బాలోదే. వాడికి పెట్టడం ఆ వారం ఎవరికీ గుర్తు రాలేదు.

పక్కింటి ఎస్తేరు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి చూసింది. "ఏం బావగారూ, ఎంతవరకొచ్చింది కాపు?" అని మోహనకృష్ణని పలకరించి, వంటింట్లోకి వచ్చి రాజశ్రీని అడిగింది. "నువ్వు పడుకుని ఎన్నాళ్ళయిందే?"

"బాబు బరువు పెరగట్లేదు వదినా. అదే టెన్షన్. డాక్టరు అన్నీ కొంచెం లేటుగా వస్తాయన్నారు. బోర్లా పడ్డం, కూర్చోడం, నిలబడ్డం... ఎంత లేటో చెప్పలేదు."

ఎస్తేరు ఏదో చెప్పబోయేంతలో హాల్లోంచి కేక వినిపించింది. తుంపర వేళ దాటిపోయిందట.

మూడో వారం దాటాక విపత్తు వచ్చింది. నాటినవన్నీ రాలడం మొదలుపెట్టాయి. దిండు మీద, తువ్వాలు మీద, పప్పన్నంలో. పది రోజుల్లో షాపు మళ్ళీ ఖాళీ. ఇప్పుడు గోడౌన్ కూడా పలచబడింది. మోహనకృష్ణ గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాలిన వాటిని పారేయడానికి మనసొప్పక గంగాభవాని గారు బుడ్డోడి ఉగ్గుగిన్నెలో పోగు చేశారు. ఈసారి కాలనీవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు. "ఎంత పని జరిగింది బాబూ" అని ఒకరు, "మన చేతుల్లో ఏముంది" అని ఒకరు. తెలుగు బాంధవ సమితి అధ్యక్షులు పరదేశి గారు వచ్చి రెండు నిమిషాలు మౌనం పాటించి వెళ్ళారు.

యోగేష్‌కి ఫోన్ చేస్తే ఆయన "బధాయి హో భైసాబ్!" అని అభినందించాడు. రాలిందంటే వేరు పట్టినట్టేనట. రాలకపోతేనే అనుమానించాలట. నాలుగో నెల నుంచి చూడమన్నాడు. లోకంలో ఇంత ధైర్యంగా ఓటమిని గెలుపని చెప్పగలవాడు యోగేష్ ఒక్కడే కాడు గాని, తక్కినవాళ్ళకి ఓట్లు వేయాలి.

గంగాభవాని గారికి మాత్రం నమ్మకం కుదరలేదు. "అప్పన్న కోపమే ఇది. ఏటే పిల్లా, నువ్వు మొక్కిన మొక్కుంది గదా. తీర్సకుండా కొత్తది నాటితే ఆయనూరుకుంతాడేటి?"

ఈ మాట కొడుకు చెవిన పడలేదు. కోడలి చెవిన పడి, అక్కడే ఉండిపోయింది. ఆ నెలలోనే బుడ్డోడికి జ్వరం తగిలింది. రాజశ్రీ వాణ్ణి భుజాన వేసుకుని వెనక గదిలో అటూ ఇటూ తిరుగుతూ, స్వామీ కోపం ఉంటే ఆయన జుట్టు మీద చూపించు, అది ఎలాగూ మళ్ళీ మొలుస్తుందట అని చెప్పుకుంది. జ్వరం తగ్గింది. భయం తగ్గలేదు.

నాటిన నాలుగో నెలకి నిజంగానే మొలిచింది. మొదట మొటిమల్లా లేచి, తరవాత నూగులా వచ్చి, ఆరో నెలకి దువ్వెన నిలిచింది. ఇంట్లో అద్దాలు చాలలేదు. పొద్దున్నే ఆయన ముందో అద్దం, వెనకో అద్దం. వెనకది రాజశ్రీ పట్టుకోవాలి. అప్పుడప్పుడు ఆ అద్దంలో ఆవిడకి తన తల కూడా కనిపించేది. కాన్పు అయిన దగ్గర్నుంచి దువ్వితే చాలు గుప్పెళ్ళు గుప్పెళ్ళు వస్తోంది. పెళ్ళినాడు నడుము దాటిన జడ ఇప్పుడు తోకలా సన్నబడింది. ఇది బాలింతలకు మామూలేనని ఎస్తేరు చెప్పింది గనక ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మోహనకృష్ణ స్నానాల గదిలోంచి కెవ్వున కేక వేశాడు. తూములో పిడికెడు జుట్టు. ఇంటిల్లిపాదీ పరిగెత్తారు. గంగాభవాని గారు గుండె పట్టుకున్నారు. రాజశ్రీ వంగి, తూములోంచి దాన్ని తీసి చాచి చూపించింది. మూరెడు పొడుగుంది.

"నీదా!" అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "చంపేశావు కదే. ముందే చెప్పొచ్చు కదా!"

ఆ శుభసందర్భంలో గంగాభవాని గారు రవ్వకేసరి చేశారు.

ఇక బుడ్డోడు. ఆలస్యంగా బోర్లాపడ్డాడు, ఆలస్యంగా కూర్చున్నాడు, ఆలస్యంగా పాకాడు. నిలబడడు. పట్టుకుని నిలబెడితే కాళ్ళు మెత్తగా మడిచేసుకుని కూలబడి నవ్వుతాడు. కంగారు పడొద్దన్నారు డాక్టరు. ఆ మాట చెప్పడానికి ఆయనకి కంగారు ఏమీ లేదు. రాజశ్రీ రోజూ వాణ్ణి మంచం పట్టెకి ఆనించి నిలబెట్టి చూసేది. వచ్చినవాళ్ళతో "బాబు ఇంకా నిలబడట్లేదండీ" అనేది. వాళ్ళు అయ్యో అని, "మీ ఆయనది మాత్రం బాగా నిలబడిందమ్మా" అని తలవైపు చూసేవారు.

బుడ్డోడికి పదో నెల వచ్చింది. ఏడాది నిండేలోగా అన్న మాట ఆవిడ గుండెల్లో రైలు గంటలా కొట్టుకోసాగింది. ఓ సాయంత్రం తెగించి అడిగింది.

"ఏవండీ, సింహాచలం ఎప్పుడు వెళ్దాం?"

మోహనకృష్ణ దువ్వెన ఆగింది. "నేను గుండా? ఇప్పుడా? పాగల్ అయ్యావా? మా నాన్న పోయినప్పుడు ఒక్కసారి కత్తి పెడితే ఇన్నేళ్ళు రాలేదు. మళ్ళీ పెడితే? వీటికి వెనక స్టాకు కూడా లేదు రాజీ, తెలుసా?"

దువ్వెనను గుండెకి హత్తుకున్నాడు. ఆవిడకి జాలి వేసింది కూడా. కానీ మొక్కు మొక్కే.

"మాట ఇచ్చారు కదండీ."

"అప్పటి పరిస్థితి వేరు!"

ఇల్లు తేల్చలేనిది సంఘం తేల్చాలి గనక విషయం తెలుగు బాంధవ సమితి ముందుకు వెళ్ళింది. కమ్యూనిటీ హాల్లో అత్యవసర సర్వసభ్య సమావేశం. ఆడవాళ్ళకి వెనక చాపలు. పరదేశి గారు మైకు పట్టుకుని, ఎదురుగా ఇరవైమందే ఉన్నా లక్షమందిని ఉద్దేశించి మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా! నాటిన జుట్టు మనిషిదా? దేవుడిదా? ఇది ఈ రోజు ఒక్క మోహనకృష్ణ సమస్య కాదు. రేపు మనందరి సమస్య. మన జాతి నేడు ఒక కూడలిలో నిలబడి ఉంది!"

జాతి అంతా ఒకసారి తల తడుముకుంది.

శాస్త్రం తెలిసినవారు ఎవరూ లేరు. కానీ రూల్సు తెలిసినవారు చాలామంది ఉన్నారు. మూడు తరాలుగా రైల్వేలో బతికిన జనం. వాళ్ళకి తెలిసిన ధర్మశాస్త్రం, ఉద్యోగాలూ బదిలీలూ చూసే ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనుదే. ఆ సెక్షనులో రిటైరైన అమ్మిరాజు గారు లేచి కళ్ళజోడు సర్దుకున్నారు.

"మొక్కు తేదీ నాటికి ముందువైపు పోస్టులు ఖాళీ. ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడక్కడున్న స్టాఫు కొత్త రిక్రూట్‌మెంటు కాదు. వెనక డివిజన్ నుంచి ట్రాన్స్‌ఫరు మీద వచ్చారు. ట్రాన్స్‌ఫరయితే సీనియారిటీ పోద్ది గానీ సర్వీసు పోదు. కాబట్టి మొక్కు తేదీ నాటికి ఆ జుట్టంతా సర్వీసులో ఉన్నట్టే లెక్క. స్వామి క్లెయిము చెల్లుద్ది."

మోహనకృష్ణ మొహం పాలిపోయింది. రాజశ్రీ చాప మీద కూర్చుని మనసులో అప్పన్నకి దండం పెట్టుకుంది.

కానీ కోశాధికారి నాగబాబు గారు లేచారు. "ఆడోళ్ళు మూడు కత్తెర్లు ఇస్తే సాలదా? అలాగే ఈడూ మూడెంటికలు కత్తిరించి ఇచ్చేస్తే?"

మూడంటే మూడు వేర్లు, ఒక్కోదాన్నీ విడివిడిగా నాటారు, ఒక్కటి కూడా ఇచ్చుకోలేనని మోహనకృష్ణ చేతులు జోడించాడు. ఆయన దీనస్థితికి సభ కరిగిపోయింది. పరదేశి గారు తుది తీర్పు చెప్పారు.

"రైల్వే పాసు ఒకటే అయినా కుటుంబమంతా రైలెక్కుతుందా లేదా? ఎక్కుతుంది. అలాగే మొక్కు ఒకటే, కుటుంబంలో ఎవరైనా తీర్చవచ్చును. డిపెండెంటు కూడా తీర్చవచ్చును. చిరంజీవి రాజశ్రీ జుట్టు ఎలాగూ రాలుతోందని విన్నాం. పోయే జుట్టుకి పుణ్యం దక్కుతుంది. ఉన్న జుట్టు నిలుస్తుంది. ఉభయతారకంగా ఉంది."

చప్పట్లు మోగాయి. తూములో జుట్టు సంగతి కుళాయి దాకా ఎలా వెళ్ళిందో రాజశ్రీ వెతుక్కోలేదు. ఆవిడని ఎవరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేదే. గాజుపెట్టె ముందు నిలబడినప్పుడు జుట్టేమిటి, తలే ఇచ్చేది. ఎస్తేరు మాత్రం పక్కనుంచి గొణిగింది. "ఒసే, నువ్వైనా వద్దనవే." రాజశ్రీ తల అడ్డంగా ఊపింది. "నా మొక్కు వదినా. బాబు నిలబడాలి. బస్."

విశాఖ వెళ్ళే పాసెంజరులో మోహనకృష్ణ కిటికీ పక్కన కూర్చోలేదు, గాలి తగులుతుందని. కొండ మీద కేశఖండనశాలలో నేలంతా తడి, నేలంతా జుట్టు. మోహనకృష్ణ ఆ నేలను చూసి, టోపీని రెండు చేతులా పట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయాడు. బుడ్డోడు తల్లి ఒళ్ళో ఏడవకుండా కూర్చుని, తన గుండు మీద చెయ్యి పెట్టుకుని ఆశ్చర్యపోయాడు. తరవాత రాజశ్రీ పీట మీద కూర్చుంది. మంగలి నీళ్ళు చల్లి, కత్తిలో బ్లేడు మార్చి అడిగాడు.

"కత్తెరా అమ్మా, మొత్తమా?"

"మొత్తం."

"అయ్యగారు?"

రాజశ్రీ గుమ్మం వైపు చూసింది. టోపీ కనిపించి, చటుక్కున మాయమైంది. "ఆయన పాసు నా మీదే నడుస్తోంది" అంది. మంగలికి అర్థం కాలేదు. కానీ ఆవిడ నవ్వడం చూసి అతను కూడా నవ్వాడు.

తల తేలికైంది. కొండగాలి నేరుగా నెత్తికి తగిలింది. గాజుపెట్టె రోజు నుంచి మోస్తున్నదేదో దిగిపోయినట్టుంది. చందనం రాసుకున్న ఇద్దరు బోడి మనుషులూ ఒకరి నెత్తి ఒకరు తడుముకుని కిలకిల నవ్వుకుంటూ ఉంటే, మూడో మనిషి ఎండ తగలకుండా చెట్టునీడ వెతుక్కుంటూ ముందు నడిచాడు.

బుడ్డోడి మొదటి పుట్టినరోజు అదే కమ్యూనిటీ హాల్లో జరిగింది. పుట్టినరోజుతో పాటు సన్మానసభ కూడా కలిపారు. సన్మానం పిల్లవాడికి కాదు. ముఖ్య అతిథిగా యోగేష్ గారు వచ్చారు. టాటీబంధ్ దగ్గర పెట్టబోయే హోర్డింగు కోసం "తరవాత" ఫొటో కావాలని వెంట ఫొటోగ్రాఫరునీ తెచ్చారు. రాజశ్రీ అతన్ని చూడగానే గుర్తు పట్టింది. బారసాల మనిషే. అతను మోహనకృష్ణని గుర్తు పట్టలేదు.

పరదేశి గారు శాలువా విప్పారు. "తన ఇల్లాలి జుట్టును సైతం లెక్కచేయక దేవదేవుడికి సమర్పించిన త్యాగశీలి మన మోహనకృష్ణ! ఇలాంటి భర్తలు నూటికొకరు, కోటికొకరు!" చప్పట్లు. మోహనకృష్ణ కళ్ళు చెమర్చాయి. గంగాభవాని గారు శాలువా మీదుగా మళ్ళీ దిష్టి తీశారు. రాజశ్రీ నెత్తిన కొంగు కప్పుకుని, పిల్లవాణ్ణి ఎత్తుకుని భర్త కుర్చీ పక్కన నిలబడింది. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూశాడు. చూసి, చాలా మర్యాదగా చెయ్యి ఊపాడు.

"ఆంటీజీ, జరా సైడ్ మే."

ఆవిడ బుడ్డోణ్ణి కింద కూర్చోబెట్టి పక్కకి జరిగింది. అలవాటున జరిగింది. జరిగాక ఎందుకు జరిగానా అనుకుంది.

"భైసాబ్, సర్ నీచే. బాల్ దిఖ్‌నా చాహియే" అన్నాడు ఫొటోగ్రాఫరు. జుట్టు కనబడేలా మోహనకృష్ణ తల బాగా వంచాడు. ఇన్ని నెలలుగా తన దరిదాపులకి రానివ్వని ఆ నల్లటి వస్తువు హఠాత్తుగా తన ఎత్తుకి దిగిరావడం బుడ్డోడు చూశాడు. పాకుతూ వచ్చాడు. ఒక చేత్తో శాలువా అంచు పట్టుకున్నాడు. రెండో చెయ్యి పైకి చాచి పిడికిలి బిగించాడు. గట్టిగా లాగాడు.

మోహనకృష్ణ కేక హాలు దాటింది. యోగేష్ వేదిక ఎక్కాడు. అమ్మిరాజు గారు కళ్ళజోడు తీశారు. "ఓరి గుంటడా! నా కొడుకు నెత్తి!" అని గంగాభవాని గారు పరిగెత్తుకొచ్చారు. అందరి తలలూ ఒక్క తల మీదికి వంగాయి. సెల్ ఫోన్ల దీపాలు వెలిగాయి. శాలువా దులిపారు, నేల వెతికారు, వేరుతో వచ్చిందా తెగి వచ్చిందా అని వాదించుకున్నారు.

రాజశ్రీ ఒక్కతే కింద చూస్తోంది. జుట్టు పిడికిట్లోంచి జారిపోయింది. శాలువా అంచు ఎప్పుడో వదిలేశాడు. రెండు అరికాళ్ళూ నేలకి పరిచి, బోడిగుండుతో, పొట్ట ముందుకు తోసుకుని, ఏమీ పట్టుకోకుండా వాడు నిలబడి ఉన్నాడు.

"నిలబడ్డాడు!" అంది. "ఏవండీ! అత్తయ్యా! బుడ్డోడు నిలబడ్డాడు, చూడండి!"

"ఆగవే, లెక్క తప్పిపోతోంది" అన్నారెవరో.

ఆవిడ నేల మీద చతికిలబడి, చేతులు చాచి, వాడు ఎప్పుడు పడతాడా అని కాక ఎంతసేపు నిలబడతాడా అని చూస్తూ కూర్చుంది. కొంగు ఎప్పుడో జారిపోయింది. ఎదురెదురుగా రెండు గుండ్లు దీపాలకి మెరిశాయి. ఫొటోగ్రాఫరు ఆ ఫొటో తీయలేదు.

వాడు ఎంతసేపు నిలబడ్డాడని ఆ తరవాత ఎవరూ అడగలేదు. ఇంత ఓపికగా చదివిన మీరైనా అడిగేవారే. కానీ ముందుగా మీకు తెలియవలసింది వేరే ఉందని తెలుసు గనక అదే మనవి చేయడమైనది.

మొత్తం మూడు ఊడాయి.